పదునులో ఉన్న తోలు

ఈ మధ్య ఒక పాఠకుడు అడిగారు: "తోలు మీద నగిషీ చెక్కడం నేర్చుకుంటున్నాను. స్టాంపు పెట్టి ఎంత గట్టిగా కొట్టినా అచ్చు సరిగ్గా దిగడం లేదు. దిగింది కూడా మర్నాటికి సగం మాయమవుతోంది. ఇంకా బరువైన సుత్తి కొనాలా?" సుత్తి వద్దండి. మీ దగ్గర ఉన్న సుత్తి చాలు. మీ తోలు పదునులో లేదు, అంతే.

తెలుగులో పదును అనే మాట మూడు చోట్ల వాడతాం. కత్తి పదును అందరికీ తెలిసిందే. పచ్చి చర్మం కుళ్లకుండా తోలుగా మార్చడాన్ని తోలు పదును చేయడం అంటాం. వాన వెలిశాక దుక్కికి సరిపడా తేమ ఉంటే నేల పదునులో ఉంది అంటాం. తోలు నగిషీకి ఈ మూడూ కావాలి, మూడింటికీ మన భాషలో ఒకే మాట ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. నా దృష్టిలో ఈ కళలో తొంభై పాళ్లు మూడో పదునే, అంటే తేమ. అయినా మొదటిది తెలియకపోతే మూడోది అర్థం కాదు.

చర్మం అంటే ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీన్. మూడు గొలుసులు తాడులా పేనుకుని ఒక అణువు అవుతుంది. దాని పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం 1.5 నానోమీటర్లు. గొలుసులో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్, ఎందుకంటే మూడు గొలుసులూ ఒరుసుకునే నడిమధ్యలో అంతకంటే పెద్దది పట్టదు. ఈ తాళ్లు కలిసి దారాలు, దారాలు కలిసి మోకులు. తోలు ముక్క అంచును భూతద్దంలో చూస్తే కనిపించే పీచు అదే. ఈ పీచు మధ్యలో టానిన్లు చేరితే చర్మం తోలవుతుంది. ఓక్, చెస్ట్‌నట్, తుమ్మ జాతి చెట్లలో, కరక్కాయలో ఉండేవి ఇవే. పండని కాయ కొరికితే నోరు పట్టేసి వగరు తగులుతుంది కదా, టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లకు అతుక్కుని వాటిని ముద్దకట్టిస్తాయి, నాలుక మీద జారుడు పోతుంది. తొట్టెలో నానే చర్మంలోనూ జరిగేది దాదాపు ఇదే. నాలుకకు తెలిసే వగరూ తోలును నిలబెట్టే బలమూ ఒకే రసాయనం పనులు! వగరు గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఈ మాట ఎవరైనా చెబితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది.

టానిన్లతో పదును చేసిన తోలులో వాటి బరువే 20 శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. అంటే పీచు మధ్య ఖాళీల్లో బోలెడు సరుకు నిండి ఉంటుంది. అందుకే నొక్కితే నొక్కినట్టు ఉండిపోతుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు వేరు. దానిలో క్రోమియం కొద్ది శాతమే, కానీ అది కొల్లాజెన్‌లోని కార్బాక్సిల్ సమూహాలను పట్టుకుని గట్టిగా ముడివేస్తుంది. తోలు మెత్తగా, సాగుతూ ఉంటుంది, ఎంత కొట్టినా మళ్లీ పైకి లేస్తుంది. మర్నాటికి అచ్చు మాయమయ్యే తోలు చాలాసార్లు ఇదే. తేల్చుకోవాలంటే సన్నని ముక్క కోసి మరిగే నీళ్లలో వేయండి. టానిన్ తోలు సాధారణంగా 70, 85 డిగ్రీల మధ్యే ముడుచుకుపోతుంది, కాబట్టి వేయగానే మెలితిరిగి కుంచించుకుపోతుంది. బాగా పదును చేసిన క్రోమ్ తోలు 100 డిగ్రీలను కూడా తట్టుకుంటుంది. ముక్క చెక్కుచెదరకపోతే దానితో సంచి కుట్టుకోండి, నగిషీ ఆశ వదిలేయండి.

ఇక అసలు విషయం, తేమ.

వాన పడుతున్నప్పుడు దున్నితే బురద. నాలుగు రోజులు ఎండాక దున్నితే పెళ్లలు. మధ్యలో నేల పదునుకు వచ్చే సమయం ఒకటుంటుంది. ఆ సమయంలో నేలలో జరిగేదేమిటంటే, పెద్ద రంధ్రాల్లోని నీరు కిందికి దిగిపోయి అక్కడికి గాలి వస్తుంది, మట్టి రేణువులను అంటిపెట్టుకున్న సన్నని నీటి పొర మాత్రం మిగులుతుంది. రేణువులు ఒకదానిమీద ఒకటి జారడానికి ఆ పొర కావాలి, జరగడానికి చోటు కావాలంటే ఆ గాలి ఉండాలి. తోలులోనూ అచ్చం ఇంతే. పీచు మోకుల మధ్య ఖాళీల్లో ఉండేది విడి నీరు. కొల్లాజెన్‌కు హైడ్రోజన్ బంధాలతో అతుక్కుని పీచు లోపల ఉండేది కట్టుబడిన నీరు. కొల్లాజెన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.4 గ్రాములు, కానీ తోలు ముక్క తూచి చూస్తే చాలాసార్లు 1 కంటే తక్కువే వస్తుంది. మిగతాదంతా గాలి. స్టాంపు దెబ్బకు అణిగేది ఆ గాలి ఖాళీలే.

తోలు సొటసొటలాడుతూ ఉండగా కొడితే ఖాళీల నిండా నీరే, నీటిని నొక్కలేం. అది స్టాంపు చుట్టూ చిమ్మి, స్టాంపు తీయగానే తిరిగి వస్తుంది, దాంతో పాటే పీచూ వెనక్కి వస్తుంది. అచ్చు అంచులు మొద్దుబారి కనిపిస్తాయి. మరీ పొడిగా ఉండగా కొడితే ఖాళీ ఉంది గానీ జారుడు లేదు, పీచుకు పీచుకు మధ్య హైడ్రోజన్ బంధాలు బిగిసి ఉన్నాయి, పీచు జరగడం మాని విరుగుతుంది, పై పొర చిట్లుతుంది. విడి నీరు పోయి కట్టుబడిన నీరు మిగిలిన సమయంలో కొట్టండి, చిన్న దెబ్బకే దిగుతుంది, అణిగిన చోట తోలు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. తర్వాత ఆరేకొద్దీ నీరు వెళ్లిపోయి, దగ్గరికి చేరిన పీచులు తమలో తాము కొత్త హైడ్రోజన్ బంధాలు వేసుకుంటాయి. తడి జుట్టును చుట్టి ఆరనిస్తే వంకీలు నిలవడం కూడా ఇలాంటిదే. బడిలో హైడ్రోజన్ బంధం అనగానే నీరు ఎందుకు 100 డిగ్రీల దగ్గర మరుగుతుందో చెప్పి ఊరుకుంటారు. ఒక తోలు ముక్క, ఒక స్టాంపు ఇస్తే ఆ పాఠం ఎవరూ మర్చిపోరు.

పదును వచ్చిందని తెలిసేదెలా? పాతవాళ్లు రెండు గుర్తులు చెబుతారు: తడిపాక నల్లబడిన తోలు దాదాపు మొదటి రంగుకు రావాలి, చెంపకు ఆనిస్తే మాత్రం ఇంకా చల్లగా తగలాలి. దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం తెలిసిన రోజు నేను ఎగిరి గంతేశాను. ఖాళీల్లో గాలి ఉంటే వెలుగు చెదిరి తోలు లేత రంగులో కనిపిస్తుంది, నీరు నిండితే చెదరడం తగ్గి ముదురుగా కనిపిస్తుంది, తడి ఇసుకలాగా. కాబట్టి రంగు తిరిగి వచ్చిందంటే ఖాళీల్లోని విడి నీరు పోయిందని అర్థం. చల్లగా ఉందంటే లోపలి నీరు ఇంకా ఆవిరవుతోందని అర్థం. ఒక గుర్తు విడి నీటిని కొలుస్తుంది, రెండోది మిగిలిన నీటిని. కొందరికి హస్తవాసి ఉంటుంది, వాళ్లు ముట్టుకుంటే తోలు వింటుంది అంటారు. హస్తవాసి అంటూ ఏమీ లేదు, వాళ్ల చెంపకూ కంటికీ ఈ రెండు కొలతలూ అలవాటయ్యాయి. ఎవరికైనా అలవాటవుతాయి.

తడపడంలో తొందర పనికిరాదు. నీరు లోపలికి పాకే సమయం మందానికి వర్గంగా పెరుగుతుంది, 2 మిల్లీమీటర్ల తోలుకు పట్టే సమయానికి 4 మిల్లీమీటర్ల తోలుకు నాలుగు రెట్లు పడుతుంది. పైన స్పాంజితో రుద్దేసి వెంటనే మొదలుపెడితే పై పొర బురద, లోపల పెళ్ల. మందపాటి తోలును తడిపి, ప్లాస్టిక్ సంచిలో మూసి రాత్రంతా ఉంచండి, పొద్దున తీసి రంగు తిరిగేదాకా ఆగండి. వేడి రోజుల్లో సంచిని ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది, లేకపోతే బూజు పడుతుంది. నూనె మాత్రం నగిషీ అయ్యాకే. ముందే పూస్తే నీరు సమంగా ఇంకదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్వివెల్ కత్తి (వేలి కింద అటూ ఇటూ తిరుగుతూ గీత కోసే చిన్న కత్తి) గాటు తోలు మందంలో మూడో వంతు లోతుంటే చాలు. అది లాగుతున్నట్టు, ఈడుస్తున్నట్టు అనిపిస్తే కత్తికి పదును పోయిందన్నమాట. పాలిష్ పూసిన తోలు పట్టీ మీద పదిసార్లు వెనక్కి లాగండి. కింద బరువైన గ్రానైట్ పలక పెట్టండి, చెక్క బల్ల దెబ్బలో సగం తానే మింగి ఊగుతుంది. ఉక్కు సుత్తితో కొడితే స్టాంపుల తలలు పాడవుతాయి, ప్లాస్టిక్ లేదా చర్మపు తల ఉన్నది వాడండి. కొట్టేకొద్దీ తోలు పక్కలకు సాగుతుంది కాబట్టి వెనక వైపు ముందే టేపు అంటించండి. ఆరబెట్టేటప్పుడు ఎండ, హెయిర్ డ్రయ్యర్ రెండూ వద్దు, నీటితో పాటు లోపలి టానిన్లూ పైకి వచ్చి అక్కడే దిగబడతాయి, పై పొర నల్లబడి పెళుసెక్కుతుంది.

తడి తోలు దగ్గరికి ఇనుమును రానివ్వకండి. రెండు రోజులు కూర్చుని చెక్కిన పర్సు మీద ఒకసారి ఉక్కు స్కేలు మర్చిపోయి పడుకున్నాను. పొద్దున చూస్తే నీలి నలుపు గీత, సరిగ్గా స్కేలు అంచు ఎంత ఉందో అంత. ఏడుపొచ్చింది. టానిన్లూ ఇనుమూ కలిస్తే పుట్టే ఆ నలుపుతోనే శతాబ్దాల పాటు సిరా చేసుకున్నారు. మరక తాజాగా ఉంటే నిమ్మరసం అద్దితే తగ్గుతుంది, సిట్రిక్ ఆమ్లం ఇనుమును పట్టుకుపోతుంది. నాది చాలావరకు పోయింది, వెతికితే ఇప్పటికీ కనిపిస్తుంది.

ప్రశ్న అడిగిన మిత్రుడికి ఒక ప్రయోగం. మీ తోలులోనే చిన్న ముక్కలు ఎనిమిది కోయండి, ఒక్కొక్కటీ తూచి బరువు వెనక రాయండి. అన్నింటినీ కలిపి తడిపి, సంచిలో రాత్రంతా ఉంచండి. పొద్దున పరిచి, పది నిమిషాలకు ఒక ముక్క చొప్పున మళ్లీ తూచి, ఆ బరువూ వెనక రాసి, ఒకే స్టాంపుతో, ఒకే సుత్తితో, ఒకే ఎత్తు నుంచి ఒక్క దెబ్బ కొట్టండి. మర్నాడు పూర్తిగా ఆరాక ఎనిమిదింటినీ వరసగా పెట్టి చూడండి. ఏ ముక్క మీద అచ్చు అంచులు వాడిగా, అడుగు ముదురుగా ఉందో, దాని వెనక రాసిన రెండు బరువుల తేడాను మొదటి బరువుతో భాగిస్తే వచ్చేదే మీ తోలుకు పదును అంకె. వేరే తోలు కొంటే మళ్లీ మొదటి నుంచి చేయాలి.