కట్ట రిపేర్ అంటే ఊట ఆపడం కాదు

అనంతపురం సైడ్ టౌన్ చెరువు కట్ట అంటే ఇప్పుడు చాలామందికి వాకింగ్ ట్రాక్, బోటింగ్, సాయంత్రం బజ్జీల బండి, అంతే. మనం నడిచేది ఒక డ్యామ్ మీద అని గుర్తే ఉండదు. ఎండాకాలంలో ఓసారి ఊరి వైపు కట్ట దిగి అడుగున చూడండి, కొన్ని చోట్ల చుట్టూ గడ్డి మాడిపోయి ఒక్క మూల మాత్రం పచ్చగా, చెప్పు దిగబడేంత తడిగా ఉంటది. అది కట్టలోంచి వచ్చే చెరువు నీళ్ల ఊట. సిమెంట్ కొట్టి మూసేయొచ్చు కదా అంటారు అందరూ. నేనూ అట్లే అనుకునేవాడిని.

మా అమ్మవాళ్ల ఊర్లో ఒక ముసలి నీరుగట్టి ఉండేవాడు, తూము తీసేది మూసేది ఆయన పనే. వానలప్పుడు ఊట నీళ్లు సీసాలో పట్టి అరుగు మీద పెట్టి తెల్లారి అడుగు చూసేవాడు. "తేటగా ఉంటే పడుకోప్పా, మట్టి దిగిందంటే మాత్రం ఊరు లేపాల" అనేవాడు. సాయిల్ మెకానిక్స్, అంటే మట్టి ఇంజనీరింగ్, చదవలేదు గానీ చెప్పింది కరెక్టే.

మట్టి కట్ట ఏదైనా ఎంతో కొంత కారుతుంది. డేంజర్ ఎక్కడంటే, ఆ నీళ్లు బయటికొచ్చే చోట మట్టి రేణువులు కూడా వెంట రావడం. రేణువు పోయిన చోట సందు, సందులో నీళ్ల జోరు ఎక్కువ, ఆ జోరుకి ఇంకొన్ని రేణువులు, ఇట్లా బొక్క కింద నుంచి వెనక్కి చెరువు వైపు పాకుతూ పోతుంది. దీన్నే పైపింగ్ అంటారు. అమెరికాలో 90 మీటర్లకు పైన ఎత్తున్న టీటన్ డ్యామ్ మొదటిసారి నింపుతుండగానే 1976 జూన్ 5న ఇట్లే పోయింది, పొద్దున కనపడిన బురద ఊట మధ్యాహ్నం 12 లోపే డ్యామ్‌ను తీసుకుపోయింది.

బయట సిమెంట్ కొడితే నీళ్లకు దారి మూసుకుపోయి లోపల ప్రెజర్ పెరుగుతుంది, ఇంకోచోట తన్నుకొస్తుంది. అందుకే ఇంజనీర్లు కట్ట అడుగున ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు పరుస్తారు. నీళ్లు పోవాలి, మట్టి నిలబడాలి. ఏ ఇసుక పడితే అది పనికిరాదు, దాంట్లోని సన్న రేణువులు కట్ట మట్టిలోని లావు రేణువులకు నాలుగైదు రెట్లు మించకూడదని సాయిల్ మెకానిక్స్‌కు పునాది వేసిన ఇంజనీర్ కార్ల్ టెర్జాగీ లెక్క కట్టాడు. మించితే మట్టి సందుల్లోంచి జారిపోతుంది.

పాత కట్టలకు ఇంకో రెండు రోగాలు. ఒకటి నీడ కోసం మనమే పెంచిన చెట్లు. చెట్టు కొట్టేస్తే అయిపోదు, వేళ్లు కుళ్లి లోపల గొట్టాల్లాగా మిగులుతాయి, మొద్దు పెకలించి గుంతలో మట్టి దిమ్మిస కొట్టాల. రెండోది తూము, ఇనుప పైపు తుప్పు పట్టడం ఒకెత్తయితే పైపు అడుగు పక్కన మట్టి ఎప్పుడూ సరిగా గట్టిపడదు, ఊట అక్కడే దారి వెతుక్కుంటుంది.

కొత్త మట్టి వేసేటప్పుడు తేమ సంగటి ముద్ద లెక్కన ఉండాలి, పొడిగా ఉంటే చిట్లుతుంది, నీళ్లెక్కువైతే రోలర్ కింద జారుతుంది. రిపేర్ కోసం చెరువు ఖాళీ చేసేది కూడా మెల్లగానే, గబగబా తీస్తే నానిన లోపలి వాలుకు ఆనుకోడానికి నీళ్లుండవు, జారిపడుతుంది.

ఇదంతా చేసినా, చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పోయే మరువ, అదే అలుగు, చాలకపోతే వేస్ట్. నీళ్లు మట్టి కట్ట మీదుగా పొర్లితే ఇక చేతిలో ఏం ఉండదు. 2021 నవంబర్ 19న అప్పటి కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయింది, కింద చెయ్యేరు నది ఒడ్డు ఊర్లు ఏమైనాయో మన వైపు ఎవరిని అడిగినా చెప్తారు.

అదే జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు రాసి పెట్టారు, వాటిలో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి. అప్పటివాళ్ల భయం న్యాయమే, మనకు తెలిసిన కొత్త సంగతల్లా ఆ ఊటకు దారి చూపొచ్చని.

రిపేర్ అయిపోయాక వాకింగ్ వాళ్లు చూసేది కట్ట కింద సన్నగా పారే కాలువ, "ఇంత ఖర్చు పెట్టినా కారుతానే ఉందే" అంటారు. ఆ కాలువకు అడ్డంగా వీ ఆకారంలో కోసిన రేకు పెట్టి నీళ్ల ఎత్తు రాసుకుంటారు. చెరువు మట్టం అంతే ఉండి రేకు దగ్గర నీళ్లు పెరిగితే అప్పుడు కంగారు పడాల. సీసాలో పట్టి చూసేది కూడా మానరు.