డ్రైవర్ తప్పా, ఇంజిన్ తప్పా? పీసీ గేమింగ్‌లో అపోహలు - వాస్తవాలు

గేమ్ సరిగ్గా నడవకపోతే అందరం అనే మాట ఒకటే: ‘ల్యాగ్ అవుతోంది’. ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరమీదికి వచ్చే ఫ్రేమ్‌ల సంఖ్య) మొదటి నుంచీ తక్కువగా ఉండటం ఒకటి. కౌంటర్ 90 చూపిస్తున్నా మధ్యమధ్యలో చటుక్కున ఆగి కదలడం రెండోది. పింగ్ (సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం) పెరిగి, కాల్చిన బుల్లెట్ ఆలస్యంగా తగలడం మూడోది. ఈ మూడోది నెట్‌వర్క్ సంగతి కాబట్టి దాన్ని పక్కన పెడదాం. మొదటి రెండింటి మీద తిరిగే మాటల్లో చాలావరకు సగం నిజాలే.

అపోహ: కొత్త డ్రైవర్ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది

డ్రైవర్ అంటే గ్రాఫిక్స్ కార్డును విండోస్‌తో, గేమ్‌లతో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్. అది మార్చితే ఎఫ్‌పీఎస్ పెరిగిన సందర్భాలు లేకపోలేదు. 2022లో ఇంటెల్ ఆర్క్ గ్రాఫిక్స్ కార్డులు వచ్చినప్పుడు డైరెక్ట్‌ఎక్స్ 9 (డైరెక్ట్‌ఎక్స్ అంటే గేమ్‌కూ కార్డుకూ మధ్య వారధిగా ఉండే విండోస్ ఏర్పాటు) గేమ్‌లలో బాగా తడబడ్డాయి. ఆ డిసెంబరులో వచ్చిన డ్రైవర్‌తో చాలా గేమ్‌లు గాడిన పడ్డాయి. అదే ఏడాది జులైలో ఏఎండీ తన ఓపెన్‌జీఎల్ (డైరెక్ట్‌ఎక్స్ లాంటిదే మరో వారధి) డ్రైవర్‌ను బాగుచేశాక మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ వేగం పుంజుకుంది. అయితే ఆ రెండుచోట్లా జరిగింది డ్రైవర్‌లో అప్పటిదాకా ఉన్న లోటు తీరడం. నాలుగేళ్ల కార్డు మీద రెండేళ్ల కిందటి గేమ్ ఆడేవాళ్లకు ఈ నెల డ్రైవర్‌తో వచ్చే తేడా సాధారణంగా కంటికి ఆనదు.

పైగా కొత్త డ్రైవర్ వేసిన రోజున గేమ్ ఇంకా ఎక్కువగా ఆగొచ్చు. అది చూసి డ్రైవర్ బాగోలేదని వెంటనే పాతదానికి వెళ్లిపోతారు. అసలు కారణం షేడర్ క్యాష్. నీళ్ల మీద మెరుపు, గోడ మీద నీడ లాంటివి గీయడానికి గేమ్‌లో ఉండే చిన్న ప్రోగ్రామ్‌లే షేడర్లు. డ్రైవర్ వాటిని మీ కార్డుకు అర్థమయ్యే కోడ్‌గా కంపైల్ చేసి డిస్క్‌లో దాచుకుంటుంది. డ్రైవర్ వెర్షన్ మారితే ఆ దాచినది చాలావరకు చెల్లదు, పని మళ్లీ మొదటికి వస్తుంది.

అందుకే మెనూలో షేడర్లు సిద్ధం చేస్తున్నట్టు బార్ కనిపిస్తే అది పూర్తయ్యేదాకా ఆగండి. ఆ తర్వాత అరగంటైనా ఆడాకే డ్రైవర్ మంచిచెడ్డలు తేల్చండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ సైజును 10 జీబీ గానీ, డిస్క్‌లో చోటుంటే 100 జీబీ గానీ పెట్టుకోండి. డిస్క్ క్లీనప్‌లో ‘డైరెక్ట్‌ఎక్స్ షేడర్ క్యాష్’ దగ్గర ఊరికే టిక్ పెట్టకండి. గేమ్ క్రాష్ అవుతున్నప్పుడో, టెక్స్చర్లు (వస్తువుల పైన అతికించే బొమ్మలు) చెదిరి కనిపిస్తున్నప్పుడో మాత్రమే దాన్ని తుడవాలి.

అపోహ: అన్‌రియల్ ఇంజిన్ అంటేనే జర్కులు

అన్‌రియల్ అనేది చాలా స్టూడియోలు గేమ్‌లు కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజిన్. ఈ ఫిర్యాదు ఊరికే పుట్టింది కాదు. డైరెక్ట్‌ఎక్స్ 11లో చాలా బరువును డ్రైవరే చాటుగా మోసేది. 2015లో విండోస్ 10తో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12 ఆ బాధ్యతను గేమ్ మీద పెట్టింది. ఒక వస్తువును గీయాలంటే షేడర్లు, బ్లెండింగ్ సెట్టింగులు అన్నీ కలిపి ఒకే పైప్‌లైన్‌గా గేమ్ ముందే తయారుచేసుకోవాలి. అలా చేయకుండా పేలుడు తెరమీదికి వచ్చిన క్షణంలో అడిగితే ఆ కంపైలింగ్‌కు 100 మిల్లీసెకన్లు కూడా పట్టొచ్చు. 60 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేమ్‌కు దొరికేది 16.7 మిల్లీసెకన్లే. ఆ తేడానే మనకు కుదుపుగా తగులుతుంది. కన్సోళ్లలో హార్డ్‌వేర్ అందరికీ ఒకటే కాబట్టి షేడర్లను ముందే కంపైల్ చేసి పంపుతారు.

2022 నవంబరులో వచ్చిన అన్‌రియల్ 5.1లో ఈ ముందస్తు తయారీకి ఏర్పాటు మొదలైంది, తర్వాతి వెర్షన్లలో మెరుగైంది. కానీ గేమ్ తయారీకి ఏళ్లు పడుతుంది. సగం దారిలో ఇంజిన్ వెర్షన్ మార్చడానికి స్టూడియోలు జంకుతాయి. అందుకే కొత్తగా విడుదలైన గేమ్ లోపల పాత వెర్షన్ ఉండటం మామూలే. మరోవైపు చూడండి: వాలరెంట్ 2025 జులై దాకా నడిచింది అన్‌రియల్ 4 మీదే, అదీ గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లలో కూడా. 2023లో వచ్చిన హై-ఫై రష్ కూడా అన్‌రియల్ 4 గేమే, చక్కగా నడుస్తుంది. ఇంజిన్ పేరు చూసి గేమ్‌ను కొట్టిపారేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

మీ గేమ్‌లో ఏ రకం కుదుపో తేల్చడం తేలిక. ఒకే సేవ్ లోడ్ చేసి ఒకే దారిలో రెండుసార్లు నడవండి. మొదటిసారి ఆగి రెండోసారి ఆగకపోతే అది షేడర్ కంపైలింగ్. రెండుసార్లూ అదే వంతెన దగ్గర, అదే తలుపు దగ్గర ఆగితే అది కొత్త ప్రాంతాన్ని లోడ్ చేసే కుదుపు, దాన్ని ఏ డ్రైవరూ తీయలేదు. గేమ్ హార్డ్‌డిస్క్‌లో ఉంటే ఎస్‌ఎస్‌డీకి మార్చండి. ఎఫ్‌పీఎస్‌కు పరిమితి పెట్టి ప్రాసెసర్‌కు కాస్త ఊపిరి ఇవ్వండి. మిగతాది స్టూడియో ప్యాచ్‌తోనే తీరాలి.

అపోహ: జీపీయూ వాడకం 60 శాతమే చూపిస్తే డ్రైవర్ పాడైనట్టే

జీపీయూ అంటే గ్రాఫిక్స్ కార్డులోని చిప్. ఇంటెల్ ఉచితంగా ఇచ్చే ప్రెజెంట్‌మాన్ అనే కొలత టూల్‌లో ఫ్రేమ్ టైమ్ (ఒక ఫ్రేమ్‌కు పట్టిన మిల్లీసెకన్లు) పక్కనే ‘జీపీయూ బిజీ’ (అందులో కార్డు పనిచేసిన సమయం) అంకె ఉంటుంది. ఫ్రేమ్ టైమ్ 16, జీపీయూ బిజీ 9 ఉంటే ఫ్రేమ్‌కు 7 మిల్లీసెకన్లు కార్డు ఖాళీగా ఎదురుచూస్తోందన్నమాట. ఎఫ్‌పీఎస్‌కు పరిమితి, వీసింక్ (ఫ్రేమ్‌లను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) తీసేసి చూసినా అలాగే ఉంటే అడ్డు ప్రాసెసర్ వైపు ఉంది. రిజల్యూషన్ తగ్గించినా ఎఫ్‌పీఎస్ కదలకపోవడం దానికి రుజువు. ఒకే 8 జీబీ ర్యామ్ కర్రతో అమ్మే ల్యాప్‌టాప్‌లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో అలాంటిదే ఇంకో కర్ర పెడితే వచ్చే లాభం ఏ డ్రైవర్ మార్పుతోనూ రాదు. డెస్క్‌టాప్‌లో బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూడండి.

డ్రైవరే కారణమయ్యే చోటూ ఒకటుంది. ఇంటెల్ ఆర్క్ బీ580ని రైజెన్ 5 2600 లాంటి పాత ప్రాసెసర్‌తో జతచేస్తే డ్రైవర్ పనే ప్రాసెసర్‌ను ఎక్కువగా తినేస్తుంది. పాత పీసీలోకి కార్డు కొనేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

అపోహ: ప్రతి అప్‌డేట్‌కూ డీడీయూతో తుడవాలి

అక్కర్లేదు. డీడీయూ అంటే పాత డ్రైవర్‌ను జాడ లేకుండా తుడిచే టూల్. ఏఎండీ నుంచి ఎన్విడియాకో, అటునుంచి ఇటో మారినప్పుడు, లేదా ఇన్‌స్టాల్ మధ్యలో చెడినప్పుడు చాలు. కొత్త డ్రైవర్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి నెట్ తీసేయండి, సేఫ్ మోడ్‌లో తుడవండి, రీస్టార్ట్ చేసి ఇన్‌స్టాల్ అయ్యాకే నెట్ పెట్టండి. నెట్ తీయకపోతే విండోస్ అప్‌డేట్ తనకు తోచిన వెర్షన్‌ను మధ్యలో దూరుస్తుంది.

అపోహ: రీసైజబుల్ బార్ ప్రచారమే

రీసైజబుల్ బార్ అంటే ప్రాసెసర్‌కు కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి చూపించే సెట్టింగ్. ఇది లేకపోతే ప్రాసెసర్‌కు కార్డు మెమరీలో ఒకసారికి 256 ఎంబీ కిటికీయే కనిపిస్తుంది. ఎన్విడియా, ఏఎండీ కార్డుల్లో లాభం గేమ్‌ను బట్టి మారుతుంది, కొన్నిటిలో ఏమీ ఉండదు. ఆర్క్ కార్డులకు మాత్రం ఇది తప్పనిసరి అనే అనుకోండి. బయాస్‌లో అబవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ ఆన్ చేసి, సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ కావడానికి ఉండే సెట్టింగ్) ఆఫ్ చేయాలి. కంగారు పడేది ఇక్కడే: విండోస్ ఉన్న డిస్క్ పాత ఎంబీఆర్ పార్టిషన్ పద్ధతిలో ఉంటే సీఎస్‌ఎం ఆఫ్ చేయగానే పీసీ బూట్ కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ ప్రాపర్టీస్ తెరిచి పార్టిషన్ స్టైల్ ముందే చూసుకోండి. ఎంబీఆర్ అని ఉంటే బ్యాకప్ తీసుకుని, విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్‌టుజీపీటీ టూల్‌తో కొత్త పద్ధతి అయిన జీపీటీకి మార్చాకే బయాస్‌లో చేయి పెట్టండి.