పాత మాన్‌లిఖర్, కొత్త తూటా: 1871 గీత దగ్గర తెగని తగువు

2025 జూన్ 10న గ్రాజ్ నగరంలోని ఒక పాఠశాలలో జరిగిన కాల్పుల తర్వాత ఆస్ట్రియా తన ఆయుధ చట్టాన్ని బిగించింది. మొదటిసారి తుపాకీ కొనేవాళ్లు ఇదివరకు మూడు రోజులు ఆగితే సరిపోయేది, ఇప్పుడు నాలుగు వారాలు ఆగాలి. దాంతో పాత సైనిక రైఫిళ్లు సేకరించేవాళ్ల ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది: నూరేళ్లు దాటిన మాన్‌లిఖర్‌ను, అంటే పాత ఆస్ట్రియా సైన్యపు రైఫిల్‌ను, పురావస్తువు అనాలా, ఆయుధం అనాలా?

1866లో కోనిగ్రాట్జ్ దగ్గర ప్రష్యా చేతిలో ఆస్ట్రియా ఎందుకు ఓడిందీ, గొట్టం మూతిలోంచి మందు కూరే లోరెంజ్ తుపాకులు పోయి వెనక నుంచి తూటా పెట్టే వెర్న్‌డల్ ఎలా వచ్చిందీ చాలామంది రాసేశారు. ఇవాళ్టి తగువుకు అక్కడ జవాబు లేదు, 1930లో ఉంది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక చిన్న రిపబ్లిక్‌గా మిగిలిన ఆస్ట్రియా చేతిలో 1895 మోడల్ మాన్‌లిఖర్లు కుప్పలుగా ఉన్నాయి. వాటి తూటా 8x50ఆర్ (మొదటి అంకె తూటా వ్యాసం, రెండోది దాని లోహపు గొట్టం, అంటే కేసు పొడవు, మిల్లీమీటర్లలో). మొన గుండ్రం, బుల్లెట్ బరువు 15.8 గ్రాములు. అప్పటికే పాతబడింది. 1930లో దాని స్థానంలో 8x56ఆర్ తెచ్చారు. మొన సూది, బరువు సుమారు 13.5 గ్రాములు, కేసు 6 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. మరుసటి ఏడాది హంగరీ కూడా అదే దారి పట్టింది. కొత్త రైఫిళ్లు చేయించే బదులు, ఉన్న రైఫిళ్ల ఛాంబర్‌నే (గొట్టంలో తూటా కూర్చునే చోటు) లోపల తొలిచి పొడవు పెంచారు. పొడుగు తుపాకుల్లో చాలావాటిని కోసి పొట్టివి చేశారు. మార్చినదానిపై ఆస్ట్రియాలో 'ఎస్', హంగరీలో 'హెచ్' అని పెద్ద అక్షరం కొట్టారు. 1897లో స్టెయర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తుపాకీ 1930ల తూటా పేల్చడం మొదలుపెట్టింది.

ఈ ఒక్క మార్పే ఆ తుపాకీని ఈనాటికీ బతికించింది. 1938లో ఆస్ట్రియాను కలిపేసుకున్నాక జర్మన్లు అదే తూటాను పెద్దయెత్తున తయారుచేయించారు. అడుగున గద్ద, స్వస్తిక్ గుర్తులతో 1938, 1939 నాటి ఆ సరుకు దశాబ్దాల తర్వాత బల్గేరియా గిడ్డంగుల్లోంచి బయటపడి, రైఫిళ్లతో పాటు అమెరికా సేకరణకర్తల దాకా చౌకగా చేరింది.

చౌకే గానీ దాంతో తిప్పలున్నాయి. ప్రైమర్‌లోని (తూటా అడుగున మందును అంటించే చిన్న టోపీ) లవణాలు గొట్టాన్ని తుప్పు పట్టిస్తాయి. కాల్చిన రోజే నీళ్లతో కడగాలి. కేసును మళ్లీ నింపుదామంటే అది బెర్డాన్ రకం. అడుగున నడిమధ్య ఒక రంధ్రం ఉండాల్సిన చోట పక్కలకు రెండు సన్న రంధ్రాలుంటాయి, మామూలు సూదితో పాత ప్రైమర్ ఊడదు. కొందరు కేసులో నీళ్లు నింపి, మూతిలో సరిపోయే కడ్డీ పెట్టి కొడతారు. నీటి ఒత్తిడికి ప్రైమర్ బయటికొస్తుంది. మరికొందరు రష్యన్ మోసిన్ రైఫిల్ 7.62x54ఆర్ కేసును ఈ ఛాంబర్‌కు పట్టేలా మలుచుకుంటారు. అసలు టెన్షన్ బుల్లెట్ దగ్గర. నేటి 8 మి.మీ. బుల్లెట్లు సాధారణంగా 8.20 మి.మీ. ఉంటాయి, ఈ గొట్టాలకు 8.38 దాకా కావాలి. అందుకే తెలిసినవాళ్లు ముందుగా మెత్తటి సీసం ముక్కను గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరకు నెట్టి, బయటికొచ్చినదాన్ని కాలిపర్‌తో కొలుస్తారు. ఆ తర్వాతే మందు సంగతి. ఐదు తూటాల క్లిప్ లేకపోతే రైఫిల్ ఒక్కో తూటా పెట్టి పేల్చుకునే తుపాకీగా మిగులుతుంది.

తయారైన ఏడాదిని కాదు, తూటా దొరుకుతుందా అన్నది చూడాలనే సేకరణకర్తల అసలు వాదన ఇక్కడి నుంచే పుడుతుంది, అది వినదగ్గది. ఆస్ట్రియా చట్టం 45వ సెక్షన్ 1871కి ముందు తయారైన తుపాకులకు చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఇస్తుంది. 1870 నాటి వెర్న్‌డల్‌కు మినహాయింపు ఉంది. అదే మోడల్, అదే 11 మి.మీ. తూటా, 1872లో తయారైతే లేదు. 1888 మోడల్ మాన్‌లిఖర్ పొగ కక్కే పాతకాలపు మందు కోసం చేసినది. దాని బోల్ట్‌ను (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) కింద ఒక చీలలాంటి దిమ్మ ఆపుతుంది, 1895 మోడల్‌లోలా తిరిగే బలమైన తల లేదు. తూటాయే దొరకని ఆ తుపాకీ, దుకాణంలో తూటా దొరికే 'ఎస్' రైఫిల్ రెండూ చట్టం దృష్టిలో ఒకటే. అమెరికాలో గీత 1898 దగ్గరుంది, అక్కడా చూసేది ఏడాదినే. ఛాంబర్ ఏ తూటాకు తొలిచారన్నది ఏ గీతకూ పట్టదు.

ప్రభుత్వం మాటా తీసిపారేయలేం. గ్రాజ్‌లో పదిమందిని చంపినవాడి దగ్గరున్న పిస్టల్, షాట్‌గన్ రెండూ చట్టబద్ధంగా కొన్నవే. బిడ్డలను పోగొట్టుకున్న ఊరికి మినహాయింపుల జాబితా వినిపించడం ఎవరికైనా కష్టమే.

మన చట్టం ఈ విషయంలో కాస్త నయం. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ (నంబరు కలవడం యాదృచ్ఛికమే) పురాతన తుపాకీకి మినహాయింపు ఇచ్చేముందు, మరమ్మతు చేసినా చేయకపోయినా అది పేలే స్థితిలో ఉండకూడదంటుంది. ఆ పాత 8x50ఆర్ మన దగ్గర చావలేదు కూడా. సైన్యం వాడే .303ను పౌరులకు కట్టడి చేసిన బ్రిటిష్ కాలంలో బీఎస్ఏ కంపెనీ ఆ ఆస్ట్రియన్ తూటాకు రైఫిళ్లు చేసి ఇక్కడ అమ్మింది. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ ఫ్యాక్టరీ కొనసాగించింది. ఎన్‌కౌంటర్ వార్తల్లో మనం చదివే .315 రైఫిల్ తూటా అదే.

జర్మన్ సరుకు ఇప్పుడు అరుదైపోతోంది. అయినా సెర్బియాలోని ప్ర్వీ పార్టిజాన్ కంపెనీ 8x56ఆర్‌ను కొత్తగా తయారుచేస్తోంది, నడిమధ్య ఒకే రంధ్రమున్న కేసుతో. 1930లో ఛాంబర్ తొలిచిన రైఫిల్‌కు మేత ఇప్పటికీ అందుతోంది. పక్కనే గోడకు వేలాడే 1888 మోడల్‌కు మాత్రం ఎవరో ఒకరు కేసు మలిచి, పాత మందు కూరితే తప్ప తూటా లేదు. రెండింటికీ నిబంధనలు ఒక్కటే.