లావా దీపం మొండికేస్తే

నల్లగొండ,
ఏప్రిల్ నెల.

చిరంజీవులైన మనవరాలికి, మనవడికి తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫోటోలు, వాటితో పాటు పెద్దమ్మాయి రాసిన రెండు పేజీల ఫిర్యాదు చూశాను. మీ పెద్దమ్మ అమెరికా నుంచి తెచ్చి అటకెక్కించిన లావా దీపం, అంటే కింద బల్బు వేడికి సీసా నీళ్లలో మైనం పైకీ కిందికీ ఆడే బొమ్మ దీపం, పాడైపోయిందని తీర్పు కూడా మీరే ఇచ్చేశారు. నేను ఒప్పుకోను. సీసా పగల్లేదు, నీళ్లు తేటగా ఉన్నాయి, మైనం ఒకే ముద్దగా ఉంది. మొదట అది అడుగున కదలకుండా ఉండిపోయింది. మీ నాన్న బల్బు మార్చాక పైకి వెళ్లి బంతిలా అక్కడే కూర్చుంది. ఈ రెండూ వేరువేరు జబ్బులని మీరు అనుకుంటున్నారు. కానీ మొదటిసారి వేడి చాలలేదు, రెండోసారి ఎక్కువైంది, అంతే. మోటార్ల వైండింగ్ దుకాణంలో కూర్చున్నవాడిని కదా, నా దగ్గరికి వచ్చే రైతులు కూడా "మోటారు పోయింది" అనే మొదలుపెడతారు. నేను అడిగే మొదటి ప్రశ్న మోటారు గురించి కాదు, దానికి ఎంత ఓల్టేజీ అందింది అని. మీ దీపాన్నీ అదే అడగాలి.

అసలు సీసాలో ఏం జరుగుతోందో ముందు చెబుతాను. మామూలు మైనం నీటి కంటే తేలిక, తేలుతుంది. అందుకని ఆ మైనంలో బరువైన ద్రవం ఒకటి కలిపి, చల్లగా ఉన్నప్పుడు మునిగేలా, వేడెక్కితే తేలేలా తూకం కుదురుస్తారు. మైనం కరిగేటప్పుడు దాదాపు పదింట ఒక వంతు ఉబ్బుతుంది. కరిగాక కూడా నీటి కంటే త్వరగా వ్యాకోచిస్తుంది. బరువు మారదు, చోటు మాత్రం పెరుగుతుంది. కాబట్టి సాంద్రత తగ్గి పైకి లేస్తుంది. పై భాగంలో గాజు గది గాలికి చల్లబడుతూ ఉంటుంది. అక్కడికి చేరిన మైనం వేడిని వదిలి, కుంచించుకుని, మళ్లీ కిందికి దిగుతుంది. కింద వేడి, పైన చల్లదనం, ఈ రెండింటికీ మధ్య తేడా ఉండాలి. ఆ తేడా ఉన్నంతసేపే ఆట. బల్బు వెలిగినా తేడా లేకపోతే ఆట లేదు.

ఈ బొమ్మను 1963లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ క్రేవెన్ వాకర్ అనే ఆయన తయారుచేశాడు. ఒక మద్యశాలలో గుడ్డు ఉడికే సమయం చూసుకునే పరికరం ఆయన కంట పడిందట. ద్రవంలో ద్రవం తేలే ఆ వస్తువును పట్టుకుని దీపంగా మార్చాడు. దానికి "ఆస్ట్రో" అని పేరు పెట్టాడు. 1968లో అమెరికా పేటెంటు వచ్చింది. తొలి రోజుల్లో మైనాన్ని బరువు చేయడానికి కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేవారు. అది విషం. 1970లో అమెరికా ఇంటి వస్తువుల్లో దాన్ని నిషేధించింది. మీ పెద్దమ్మ దీపం అంత పాతది కాకపోవచ్చు. అయినా ఆ సీసాలోది చేతికి అంటించుకునే సరుకు కాదని గుర్తుపెట్టుకోండి. పగిలితే మీరు తుడవవద్దు, పెద్దవాళ్లను పిలవండి.

ఇక మీ దీపం సంగతి. అమెరికా కరెంటు 120 ఓల్టులు, మనది 230. అక్కడి బల్బును ఇక్కడ పెడితే దాని మీద పడే శక్తి లెక్కకు మూడున్నర రెట్లు దాటుతుంది, అందుకే మీట నొక్కగానే మాడింది. దాని స్థానంలో మీ నాన్న 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టారు. గది వెలుతురుకు అది మేలైన బల్బే, ఈ దీపానికి మాత్రం పనికిరాదు. పాత తీగ బల్బు తాను తిన్న కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగానే పారేస్తుంది, కాస్త మాత్రమే వెలుగుగా ఇస్తుంది. ఆ దండగ ఖర్చుతోనే లావా దీపం ఆడుతుంది. పొదుపైన బల్బు పెడితే సీసా అందంగా మెరుస్తుంది, మైనం నిద్రపోతుంది. తర్వాత ఆయన పెట్టిన 60 వాట్ల బల్బు దీనికి పూర్తి విరుద్ధం. అడుగు నుంచి పై దాకా అంతా ఒకేలా కాగింది, చల్లబడే చోటు లేకపోయింది, మైనం పైనే ఉండిపోయింది.

దీపం అడుగున ఒక చిన్న కాగితం అంటించి ఉంటుంది. దాని మీద ఎన్ని వాట్లో చూడండి. ఇలాంటి దీపాలకు సీసా పరిమాణాన్ని బట్టి 25 లేదా 40 ఉంటుంది. ఆ వాట్లు అలాగే ఉండాలి, ఓల్టులు మాత్రం మన 230కి మారాలి. హోల్డర్ మరలు మన బల్బుకు సరిగ్గా కుదరకపోవచ్చు కాబట్టి ఎలక్ట్రీషియన్ చేత హోల్డరూ, వైరూ రెండూ మార్పించండి. పాత బల్బు పక్కలకు వెండి పూత ఉందేమో కూడా గమనించండి. ఉంటే అది వేడిని పక్కకు పోనివ్వకుండా పైకి తోసే రకం, అలాంటిదే కావాలి. తీగ బల్బులు ఇప్పుడు దుకాణాల్లో తగ్గిపోయాయి, పాలమూరులో పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి. "జీరో వాట్ బల్బు ఉంది బాబూ" అని ఎవరైనా అంటే తీసుకోవద్దు. పేరు సున్నా అయినా అది 15 వాట్ల దాకా తింటుంది. తింటుంది గానీ మీ సీసాకు ఆ వేడి చాలదు, మైనం కొమ్ముల్లా మొలిచి అక్కడే ఆగిపోతుంది.

సరైన బల్బు పెట్టాక కూడా కొమ్ములే కనిపిస్తే కంగారు పడకండి. ఏళ్ల తరబడి చల్లగా ఉన్న మైనం మొదటిసారి కరగడానికి రెండు మూడు గంటలు పట్టవచ్చు. పైపొర గట్టిగా ఉండి, లోపల కరిగినది దాన్ని చీల్చుకుని వచ్చినప్పుడు అలాంటి విచిత్రమైన ఆకారాలు వస్తాయి. నాకైతే అసలు ఆట కంటే అదే బాగుంటుంది. వెలిగించి పూర్తిగా వేడెక్కనివ్వండి, ఆర్పి పూర్తిగా చల్లారనివ్వండి, మర్నాడు మళ్లీ వెలిగించండి. అటక మీద నుంచి దిగిన దీపం ఇలా కొన్నిసార్లు తిరిగితే గానీ దారికి రాదు. ఒక్కసారికి ఎనిమిది, పది గంటలు దాటనివ్వవద్దు.

అప్పటికీ కదలకపోతే కరెంటును అనుమానించండి. వేసవిలో బోర్లన్నీ ఒకేసారి నడిచినప్పుడు ఓల్టేజీ ఎంత పడిపోతుందో మన జిల్లాల వాళ్లకు వేరే చెప్పాలా? 230 ఉండాల్సిన చోట 190 వస్తే మోటారు బరువు లాగలేక ఎక్కువ కరెంటు గుంజుకుని కాలిపోతుంది, నా దుకాణానికి చేరుతుంది. బల్బు అలా కాదు, నీరసపడుతుంది. 190ని 230తో భాగిస్తే వచ్చే వంతును దానితోనే మళ్లీ గుణించి, వచ్చినదాన్ని బల్బు వాట్లతో గుణించండి. 25 వాట్ల బల్బు లెక్కకు 17 వాట్ల దగ్గర ఆగుతుంది. నిజానికి చల్లబడిన తీగ నిరోధం కొంచెం తగ్గుతుంది కాబట్టి మరికాస్త ఎక్కువే ఇస్తుంది, అయినా మైనానికి చాలదు. మీ ఇంట్లో సాయంత్రం ఆడని దీపం అర్ధరాత్రి ఆడితే కారణం అదే. మీటరు పెట్టి ఓల్టేజీ చూడటం నాన్న పని, మీరు వేలు పెట్టవద్దు.

గాలి సంగతి కూడా ఉంది. ఫోటోలో దీపం కూలరుకు ఎదురుగా ఉంది. కూలరు గాలి గాజు మీద సూటిగా తగిలితే కింది భాగం కూడా చల్లబడుతుంది. దాన్ని అక్కడి నుంచి తీయండి. అయితే ఎండాకాలం మధ్యాహ్నం అసలు వెలిగించనే వద్దు. ఈ దీపాలు 20 నుంచి 25 డిగ్రీలుండే గదులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మనకు మే నెలలో బయట 44, 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. అలాంటి గదిలో సీసా పై భాగం చల్లబడేదెలా? సరైన బల్బు ఉన్నా మైనం పైకెళ్లి కూర్చుంటుంది. తెల్లవారుజామున వెలిగించి చూడండి. లేకపోతే బల్బుకు సరిపడే డిమ్మర్, అంటే వెలుగును తగ్గించే మీట, పెట్టించి, బంతి పైన నిలిచిపోయినప్పుడు కొద్దిగా తగ్గించండి. తగ్గించాక అరగంట ఆగి చూడాలి. నిమిషానికోసారి తిప్పితే ఏది పనిచేసిందో మీకు తెలియదు, దీపానికీ తెలియదు.

సీసా అడుగున ఒక లోహపు తీగ చుట్ట ఉంది, చూశారా? చిన్నవాడు దాన్ని "స్ప్రింగు ఊడిపోయింది" అని రాశాడు. ఊడలేదు, అది అక్కడే ఉండాలి. పైనుంచి దిగే ముద్దలు వాటి తలతన్యత వల్ల, అంటే పైపొర బిగువు వల్ల, విడివిడి గుండ్లుగానే ఉండాలని చూస్తాయి. వేడెక్కిన ఆ చుట్ట వాటి పొరను చీల్చి మళ్లీ ఒకే ముద్దలో కలుపుతుంది. చుట్ట ఒక పక్కకు జరిగిపోతే చిన్న చిన్న పూసలు అడుగున పోగుపడతాయి, కలవవు. అప్పుడు దీపం బాగా వేడెక్కాక, నాన్న మందపాటి గుడ్డతో సీసాను పట్టుకుని, పైకి ఎత్తకుండా ఉన్నచోటే కొద్దిగా తిప్పి ఆపితే చుట్ట సర్దుకోవచ్చు. తిప్పడమంటే ఊపడం కాదు. వేడి సీసాను ఊపితే మైనం సన్నని తుంపరలై నీళ్లలో కలిసి, సీసా అంతా మజ్జిగలా తెల్లబడుతుంది. తర్వాత కొన్ని రోజులు కదపకుండా ఉంచి, వెలిగించి ఆర్పుతూ ఉంటే కొంత తేరుకుంటుంది. పూర్తిగా తేరుకోకపోవచ్చు కూడా. రంగు వెలవడానికి మాత్రం ఎండ కారణం, ఆ రంగు తిరిగి రాదు. కిటికీ పక్కన పెట్టకండి.

ఇప్పుడు పెద్దమ్మాయి ప్రశ్న. నీళ్లు మబ్బుగా మారితే పటిక వేయవచ్చా అని అడిగింది. నల్లగొండ వాళ్ల మనవరాలు కాకపోతే ఈ ఆలోచన వచ్చేది కాదు. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, దాన్ని తీయడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపే పద్ధతిని రూపొందించిందని, ఆ పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు ఉందని నేనే చెప్పాను. అక్కడ పటిక మురికిని తెట్టెగా చేసి అడుగుకు దించుతుంది, పైనున్న తేట నీటిని వంచుకుంటాం. సీసాలో వంచుకునేది ఎక్కడ? ఆ తెట్టె మైనం మీదే పడి ఉంటుంది. పైగా పటిక కరిగితే నీళ్ల బరువు మారుతుంది, ఇంత కష్టపడి కుదిర్చిన తూకం పోతుంది. కాబట్టి వద్దు.

తూకం మాటెత్తాను కాబట్టి చివరి అనుమానం కూడా చెప్పేస్తాను. సరైన బల్బు, చల్లని గది, సరైన ఓల్టేజీ అన్నీ ఉన్నా మైనం చల్లారాక కూడా పైనే తేలుతోందంటే మూత దగ్గర నుంచి నీరు కొంచెం కొంచెంగా ఆవిరై ఉంటుంది. మూత కింద రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండటం మామూలే, వేడికి ఉబ్బే నీటికి ఆ చోటు కావాలి. అంతకంటే బాగా ఎక్కువ ఖాళీ కనిపిస్తే నీరు పోయినట్లు. నీరు పోయి, అందులో కలిపిన పదార్థాలు మిగిలితే ద్రవం చిక్కబడి బరువెక్కుతుంది, మైనం సులువుగా తేలుతుంది. దీనికి బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ కొద్దికొద్దిగా చేర్చాలి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పనికిరావు, వాటిలోని లవణాలు సీసాలో సబ్బులాంటి పదార్థంతో కలిసి మబ్బు తెస్తాయి. మూత తీయడం మాత్రం ఇంకెవరూ చేయవద్దు, నేను వచ్చాక చూద్దాం. సీసా పూర్తిగా చల్లారి ఉండాలి, నా చేతిలో సిరంజి ఉండాలి.

ఒక్క విషయం మాత్రం బతిమాలి చెప్పను, ఆజ్ఞాపిస్తాను. త్వరగా కరుగుతుందని సీసాను స్టవ్ మీద, వేడినీళ్లలో, ఎండలో పెట్టకండి. 2004లో అమెరికాలో ఒక యువకుడు స్టవ్ మీద వేడిచేస్తే సీసా పేలి, గాజు పెంకు గుచ్చుకుని చనిపోయాడు. ఆడుతున్న దీపం గాజు కూడా చేయి కాలేంత వేడిగా ఉంటుంది, చిన్నవాడు దాన్ని ముట్టుకుని చూడక్కరలేదు.

ఇట్లు,
మీ తాతయ్య.

తా.క.: ఇలాంటి బొమ్మ వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా అని చిన్నవాడు అడిగాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ తన కార్యాలయం గోడకు వంద దాకా లావా దీపాలు పెట్టింది. కెమెరా వాటిని చూస్తూ ఉంటుంది. మైనం ఏ క్షణాన ఏ ఆకారంలో ఉంటుందో ఎవరూ ముందే చెప్పలేరు కాబట్టి ఆ చిత్రాల నుంచి ఎవరూ ఊహించలేని అంకెలు తీసి, రహస్య సంకేతాలు తయారుచేయడానికి వాడుకుంటారు. వంద దీపాల్లో ఒకటి మొరాయించినా వాళ్ల పని ఆగదు. మీకున్నది ఒక్కటే, రేపే బల్బు కోసం వెళ్లండి.