జానెడు నీళ్ల బరువు తూచే రబ్బరు పొర

విజయవాడలో కొత్తగా పైపు గ్యాస్ పెట్టించుకున్న ఒక పాఠకురాలు అడిగారు: "వీధిలో గ్యాస్ అంత ఒత్తిడితో వస్తుంటే మా స్టవ్ మీద మంట ఇంత నిదానంగా ఎలా వెలుగుతోందండీ?" ఇలాంటి ప్రశ్న వస్తే నాకు పండగే.

వీధి కింద ప్లాస్టిక్ పైపుల్లో ఒత్తిడి 4 బార్ దాకా ఉంటుంది, అంటే 40 మీటర్ల ఎత్తు నీళ్ల బరువు. స్టవ్ దగ్గరికొచ్చేసరికి 21 మిల్లీబార్, జానెడు నీళ్లంత. తగ్గించేది రెగ్యులేటర్, సాధారణంగా రెండు మెట్లలో. కరెంటు అక్కర్లేదు.

లోపలున్నది ఒక త్రాసు. డయాఫ్రం అనే వెడల్పాటి రబ్బరు పొరను పైనుంచి స్ప్రింగ్ నొక్కుతుంది, కిందనుంచి స్టవ్ వైపు వెళ్లే గ్యాస్ ఎత్తుతుంది. బర్నర్ వెలిగించగానే కింద ఒత్తిడి కాస్త పడిపోతుంది, పొర దిగి వాల్వ్ తెరుచుకుంటుంది; ఆపగానే పొర లేచి మూసేస్తుంది. వెడల్పు ఎందుకంటే, 15 సెంటీమీటర్ల పొర మీద 21 మిల్లీబార్ కూడా దాదాపు 3.8 కిలోల బలం. అదే 4 బార్ గ్యాస్ 5 మిల్లీమీటర్ల వాల్వ్ రంధ్రంలోంచి తోస్తే వచ్చేది 800 గ్రాములే. పెద్ద తట్టలో జానెడు నీళ్లు, చిన్న తట్టలో 40 మీటర్లు, అయినా పెద్ద తట్టే మొగ్గుతుంది!

త్రాసు సరిగ్గా తూగాలంటే స్ప్రింగ్ వైపు గాలి ఆడాలి, అందుకే అక్కడ ఒక చిన్న వెంట్ రంధ్రం ఉంటుంది. కందిరీగలకు అది తయారుగా దొరికిన ఇల్లు. కందిరీగ మట్టిగూడు కడితే ఇంట్లో బిడ్డ పుడుతుందని మా అమ్మమ్మ దాన్ని కదపనిచ్చేది కాదు. వెంట్‌లో మాత్రం ఆ నమ్మకం పనికిరాదు. మట్టి బిగిస్తే పైగాలికి దారి ఉండదు, పొర లేవదు, స్టవ్ ఆపినా వాల్వ్ మూసుకోదు. వెంట్ నోరు కిందికి తిరిగి ఉండాలి, వాన నీళ్లు చేరకుండా.

త్రాసు తప్పు చోట తూచినా ప్రమాదమే. 2018 సెప్టెంబర్ 13న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, లారెన్స్ చుట్టుపక్కల, పాత పోత ఇనుప పైపును వాడకంలోంచి తప్పించారు కానీ రెగ్యులేటర్లకు ఒత్తిడి తెలిపే గొట్టాలు దానికే ఉండిపోయాయి. ఖాళీ అవుతున్న పైపును చూసి రెగ్యులేటర్లు "ఇంకా చాలడం లేదు" అన్నట్టు పూర్తిగా తెరుచుకున్నాయి, ఇళ్లకు వెళ్లే పైపుల్లో ఒత్తిడి మితిమీరింది. ఒకరు చనిపోయారు, 131 భవనాలు దెబ్బతిన్నాయి. రెగ్యులేటర్లు పాడవలేదు, వాటికి అందిన కబురే తప్పు.

అందుకే మెకానిక్ వస్తే లాకప్ పరీక్ష అడిగి చేయించుకోండి. స్టవ్ వైపు గ్యాస్ పూర్తిగా ఆపి గేజ్ చూస్తారు: ముల్లు కాస్త పైకెళ్లి నిలిచిపోతే వాల్వ్ సీటు (మూసుకునేటప్పుడు వాల్వ్ ఆనే చోటు) బాగున్నట్టు, ఆగకుండా పాకుతూ పోతుంటే సీటు మీద ఎక్కడో ఇసుక రేణువో, రబ్బరు మీద గాటో ఉన్నట్టు.