బ్రిటన్ హోటళ్లలో అతిథి వేధిస్తే బాధ్యత ఎవరిది?

బ్రిటన్‌లో పబ్బులు, హోటళ్ల సిబ్బందిని కస్టమర్లు వేధిస్తే యాజమాన్యమే జవాబు చెప్పాలన్న నిబంధన 2026 అక్టోబరు నుంచి అమలు కానుండటంతో పాత వివాదం మళ్లీ రాజుకుంది. కస్టమర్ల సరదా మాటలకు కూడా కాపలా కాయాలా అని యజమానులు అడుగుతున్నారు. ఇది కొత్తగా మోపుతున్న భారమేమీ కాదు. ఒకప్పుడు చట్టంలో ఉన్న బాధ్యతనే 2013లో తొలగించారు.

దాని మూలాలు 1994లో డెర్బీలోని ఒక హోటల్లో జరిగిన విందులో ఉన్నాయి. హాస్య ప్రసంగానికి వచ్చిన బెర్నార్డ్ మానింగ్, ప్లేట్లు తీస్తున్న ఇద్దరు నల్లజాతి యువతుల మీద జాతిపరంగా, లైంగికంగా అవమానకరమైన మాటలు విసిరాడు. అతిథుల్లో కొందరు అతన్ని అనుసరించారు. 1996లో ఉద్యోగ వివాదాల అప్పీలు ట్రైబ్యునల్ హోటల్‌నే బాధ్యురాలిని చేసింది. ప్రసంగం శ్రుతిమించితే ఆ అమ్మాయిలను హాల్లోంచి బయటికి పంపేయమని మేనేజర్ తన సహాయకులకు ముందే చెప్పి ఉండాల్సిందని పేర్కొంది. యాజమాన్యం నుంచి ఆశించింది అంతే. 2003లో, అప్పట్లో దేశ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ తర్కాన్ని తోసిపుచ్చింది. 2008 సవరణ, ఆ తర్వాత 2010 సమానత్వ చట్టం ఆ బాధ్యతను తిరిగి తెచ్చినా, అంతకుముందు కనీసం రెండుసార్లు వేధింపు జరిగినట్టు యజమానికి తెలిసి ఉండాలన్న మెలిక పెట్టాయి.

2013 అక్టోబరులో అదీ పోయింది. సంప్రదింపుల్లో ఎక్కువమంది వద్దన్నా, కేసులే పెద్దగా రానప్పుడు నిబంధన ఎందుకని అప్పటి ప్రభుత్వం వాదించింది. రెండుసార్లు భరించి మూడోసారి రమ్మనే చట్టం కింద కేసులు ఎలా వస్తాయి? నేటి తగాదా అంతా ఆ నిర్ణయం నుంచే పుట్టింది. అదే ఏడాది భారత్ తెచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం మాత్రం, పనిచేసే చోటికి వచ్చే బయటివారి నుంచి కూడా రక్షణ కల్పించాల్సింది యజమానేనని 19వ సెక్షన్‌లో స్పష్టంగా రాసింది.

2018 జనవరిలో లండన్ డార్చెస్టర్ హోటల్లో పురుషులకే పరిమితమైన ప్రెసిడెంట్స్ క్లబ్ అనే ఛారిటీ సంస్థ విందులో జరిగినదాన్ని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. ఏజెన్సీ ద్వారా వచ్చిన 130 మంది హోస్టెస్‌ల చేత గోప్యతా ఒప్పందాల మీద సంతకాలు చేయించారు. అతిథులు తమను అసభ్యంగా తాకారని వారిలో పలువురు చెప్పారు. అయినా ఉద్యోగుల రక్షణ కోసం తెచ్చిన 2023 బిల్లులోని కస్టమర్ల వేధింపుల నిబంధనను, మాట్లాడే స్వేచ్ఛకు భంగమన్న అభ్యంతరాలతో, పార్లమెంటు ఎగువ సభ అయిన లార్డ్స్ దశలో తీసేశారు. 2024 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన ఆ చట్టం నివారణ చర్యలు తీసుకోవాలని చెప్పింది గానీ, కస్టమర్ వేధించాడన్న ఒక్క కారణంతో యజమానిపై నేరుగా దావా వేసే దారి ఇవ్వలేదు.

2025 డిసెంబరులో ఆమోదం పొందిన ఉద్యోగ హక్కుల చట్టం ఆ దారి తెరుస్తోంది. సహేతుకమైన చర్యలన్నీ తీసుకున్న యజమానికి అందులోనే రక్షణ ఉంది. చదువుకోవడానికి వెళ్లి, సెమిస్టర్ రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయడానికి వీల్లేని వీసా మీద రెస్టారెంట్లలో వడ్డిస్తున్న తెలుగు విద్యార్థినులకు కూడా ఇదే చట్టం వర్తిస్తుంది.