నాంపల్లి తోటలోని ఈజిప్టు అమ్మాయి

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో మీరు హైదరాబాదు నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్ళి, అక్కడి పురావస్తు మ్యూజియంలో మమ్మీని, అంటే ఈజిప్టువారు పాడవకుండా భద్రపరిచిన ఒక అమ్మాయి శరీరాన్ని, చూసి వచ్చారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. "కూర ఒక్క పూట బయట ఉంటేనే పాచిపోతుంది కదా, ఫ్రిజ్ లేని కాలపు ఆ అమ్మాయి రెండు వేల ఏళ్ళకు పైగా పాడవకుండా ఎలా ఉంది?" అని చిన్నది అడిగిందట. పెద్దవాళ్ళు ఆ గాజు పెట్టె ముందు నిలబడి ఆమె రాణా, రాకుమార్తెనా అని వాదించుకుంటారే గాని, అసలు అడగవలసిన ఈ ప్రశ్నను మాత్రం వదిలేస్తారు.

దీనికి జవాబు మీ నాయనమ్మ పెట్టే మాగాయలో ఉంది. మామిడికాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేసిన మూడో రోజుకు ముక్కలు ఊటలో తేలుతూ ఉండడం మీరు చూశారు కదా. ఆ నీరు మనం పోసింది కాదు. ముక్కలో ఉన్నదానినే ఉప్పు బయటికి లాగింది. ఆ ముక్కలను పిండి ఎండలో పెడితే మిగిలిన తడి కూడా పోతుంది. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు మనలాగే నీరు కావాలి, నీరు దొరకని చోట అవి పెరగలేవు. ఈజిప్టువారు చేసిన పని కూడా ఇదే. వారి దేశంలో నాట్రాన్ అనే ఒక ఉప్పు దొరుకుతుంది; అందులో మన వంటసోడా కూడా కలిసి ఉంటుంది. ముందుగా త్వరగా కుళ్ళే లోపలి అవయవాలను తీసివేసి, గుండెను మాత్రం సాధారణంగా అలాగే ఉంచి, శరీరాన్ని సుమారు 40 రోజులు ఆ ఉప్పులో కప్పి ఉంచేవారు. మొత్తం కార్యక్రమానికి 70 రోజులు పట్టేదని చెబుతారు. ఆ తరువాత చెట్ల బంకలు, నూనెలు పూసి, నారబట్ట పేలికలను పొరలు పొరలుగా చుట్టేవారు. మాగాయకు పైన నూనె తేలేలా పోసి జాడీకి వాసెన కట్టడం ఎందుకో, అది కూడా అందుకే. తడి చెయ్యి జాడీలో పెడితే మీ నాయనమ్మ ఎందుకు కేకలు వేస్తుందో తెలిసిందా? మ్యూజియం వారి భయం కూడా అదే. మన ఊరి వానాకాలపు చెమ్మ ఈజిప్టు ఎడారిలో లేదు కదా. అందుకని ఇటీవల ఆమెను గాలి చొరబడని, ఆక్సిజన్ లేని గాజు పెట్టెలోకి మార్చారు. మాగాయ ముక్కలను మళ్ళీ ఊటలో కలిపి కారం పెడతామనుకోండి, అక్కడితో ఈ పోలికను ఆపడం మంచిది.

ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ ఆమెను వెయ్యి పౌన్లకు కొని తెచ్చారనీ, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1930లో మ్యూజియానికి ఇచ్చారనీ అంటారు. ఎక్కడో నైలు నది ఒడ్డున ఆమెకు అంత శ్రద్ధగా గుడ్డలు చుట్టినవారు నాంపల్లిని కలలోనైనా ఊహించి ఉండరు. ఆమె ఒక ఇంటి పిల్ల. అందుకే ఆ పెట్టె ముందు నవ్వుతూ ఫోటోలు దిగేవారిని చూస్తే నాకు నచ్చదు.

నా చిన్నతనంలో ఆ తోటకు వెళ్ళడమంటే మాకు మమ్మీ కోసం కాదు, పులి కోసం. పాతవాళ్ళు బాగే ఆమ్ అని పిలిచే ఆ తోటలోనే అప్పట్లో ఊరి జంతుప్రదర్శనశాల ఉండేది. 1963లో నెహ్రూ జూపార్కు తెరిచాక జంతువులు అటు వెళ్ళిపోయాయి. మా నాన్నగారు మమ్మల్ని బోనుల దగ్గర ఎంతసేపైనా నిలబడనిచ్చేవారు గాని, తిరిగి వచ్చేటప్పుడు మ్యూజియంలో కనీసం ఒక్క గదైనా చూడకపోతే ఊరుకునేవారు కారు. అక్కడి నాణేల్లో ఏమున్నదో నాకు అప్పుడు అర్థం కాలేదు. అరిగిపోయిన ఆ రాగి బిళ్ళను ఎవరో కొంగున ముడివేసుకుని సంతకు వెళ్ళి ఉంటారని తోచడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మీరు హడావిడిగా వచ్చేశారు గనుక ఇంకోసారి వెళ్ళండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. మెట్రోలో నాంపల్లిలో గాని అసెంబ్లీ స్టేషనులో గాని దిగవచ్చు. తోట పక్కనే ఉన్న తెల్లటి అసెంబ్లీ భవనం 1913లో టౌన్ హాలుగా పూర్తయింది, దాని గుమ్మటాలను పొద్దుటి ఎండలో చూడాలి. మ్యూజియం వారి అజంతా చిత్రాల నకళ్ళను కూడా అడిగి చూడండి. అజంతా అప్పట్లో హైదరాబాదు రాజ్యంలోనే ఉండేది, అందుకే నిజాం ప్రభుత్వం చిత్రకారులను ఆ గుహలకు పంపి వాటిని గీయించింది. గుహల్లోని అసలు చిత్రాలకు ఉప్పూ లేదు, వాసెనా లేదు; మట్టిపూత మీద వేసిన రంగులు అన్ని వందల ఏళ్ళు ఎలా నిలిచాయో చెప్పాలంటే నాకు తెలిసిన వంటలేవీ సరిపోవు. ఆ బొమ్మల్లో ఒక్కదాని ముందు కూర్చుని, చేతివేళ్ళు ఎలా వంచారో చూసి, వచ్చినంతవరకు కాగితం మీద గీసి నాకు పంపండి. పెన్సిలు, రబ్బరు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.

మీ
తాతయ్య